సగంలో ఆగిన అప్‌డేట్

ఆరేడు నెలలుగా అప్‌డేట్ చేయని ఆర్చ్ లైనక్స్ ల్యాప్‌టాప్ ఒకటి ఉందనుకుందాం. ఇవాళ దాంట్లో ఒక కొత్త ప్రోగ్రామ్ కావాలి. ప్రోగ్రాములను ప్యాకేజీల రూపంలో దించి ఎక్కించే పాక్‌మ్యాన్‌తో “పాక్‌మ్యాన్ -ఎస్” కొట్టి పేరు ఇస్తే 404, అంటే ఫైలు దొరకలేదు, అని వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్యాకేజీల జాబితా పాతది. అందులో రాసి ఉన్న వెర్షన్‌ని మిర్రర్ (ప్యాకేజీలు దిగే సర్వర్) నుంచి ఎప్పుడో తీసేశారు. అప్పుడు చాలామంది ఒక చిన్న ‘వై’ చేర్చి “-ఎస్‌వై” అని మళ్లీ కొడతారు. ప్యాకేజీ దిగుతుంది, ఎక్కుతుంది కూడా. కాసేపటికి చూస్తే నిన్నటిదాకా బాగా నడిచిన ప్రోగ్రాములు నాలుగైదు తెరుచుకోవు. “ఇన్నాళ్లు అప్‌డేట్ చేయకపోతే ఇంతే, ఫార్మాట్ కొట్టి మళ్లీ వేసుకో” అని తెలిసినవాళ్లు తేల్చేస్తారు.

ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. ఆలస్యం వల్ల డిస్క్ మీద ఒక్క ఫైలూ పాడవలేదు. ఏడు నెలల కిందటి లైబ్రరీలు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు) ఏడు నెలల కిందటి ప్రోగ్రాములతో నిక్షేపంగా నడుస్తాయి. నిన్నటిదాకా నడిచాయి కూడా. భద్రతా లోపాలు పేరుకుపోవడం నిజమే, అది వేరే లెక్క. ఇక్కడ ప్రోగ్రాములు ఆగిపోయింది మాత్రం కొన్ని పాతవి, కొన్ని కొత్తవి ఒకే సిస్టమ్‌లో కలిసిపోయినందుకు. ‘వై’ జాబితాను కొత్తది చేస్తుంది. ‘యు’ ఉన్నప్పుడే మిగతా ప్యాకేజీలన్నీ ఆ జాబితా దగ్గరికి వస్తాయి. ‘యు’ లేకుండా ‘వై’ ఒక్కటే వాడితే అడిగిన ప్యాకేజీ, దానికి అవసరమైన ఒకటి రెండు లైబ్రరీలు మాత్రం ఇవాళ్టివి అవుతాయి, మిగిలిన వెయ్యి ప్యాకేజీలు ఏడు నెలల వెనకే ఉండిపోతాయి. ఇలా సగం సగం చేసే అప్‌డేట్‌ను తాము సపోర్ట్ చేయమని ఆర్చ్ వాళ్లు స్పష్టంగానే చెబుతారు.

కాబట్టి మరమ్మతు ఎప్పుడూ ముందుకే సాగాలి: మొదలైన అప్‌డేట్‌ను పూర్తి చేయాలి, ఆ తర్వాతే ఏది ఇంకా నడవట్లేదో చూడాలి. ఈ వరుస తప్పితే ఉన్న సమస్య తీరదు, కొత్తది వచ్చి చేరుతుంది.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. పాక్‌మ్యాన్ ఆప్షన్లలో గీత తర్వాత మొదటి అక్షరం పెద్దది, మిగతావన్నీ చిన్నవి. సిస్టమ్‌ను మార్చే కమాండ్లకు ముందు రూట్ హక్కులిచ్చే సుడో ఉన్నట్టే చదువుకోండి.

మొదలుపెట్టే ముందు

మొదట తెలియాల్సింది చివరి అప్‌డేట్ ఎప్పుడు జరిగిందన్నది. /వార్/లాగ్/పాక్‌మ్యాన్.లాగ్ ఫైల్లో “స్టార్టింగ్ ఫుల్ సిస్టమ్ అప్‌గ్రేడ్” అన్న వాక్యాన్ని గ్రెప్‌తో వెతికితే చివరి వరుసలో తేదీ కనబడుతుంది. ఆ తేదీ నుంచి ఇవాళ్టి దాకా ఆర్చ్ వెబ్‌సైట్‌లోని న్యూస్ శీర్షికలన్నీ చదవాలి. ఎక్కువగా చేత్తో చేయాల్సిన పని ఉన్నప్పుడే వాళ్లు అక్కడ రాస్తారు కాబట్టి ఏడాదికి పది, పదిహేను కన్నా పెద్దగా ఉండవు. ఈ పావుగంట చదువును ఎగ్గొట్టేవాళ్లే తర్వాత రెండు రోజులు పోగొట్టుకుంటారు.

ఉదాహరణకు 2023 మే నెలలో “కమ్యూనిటీ” అనే రిపాజిటరీని, అంటే ప్యాకేజీల గోదామును, “ఎక్స్‌ట్రా”లో కలిపేశారు. ఖాళీ డబ్బాలాగా ఇంకొన్నాళ్లు ఉంచి, 2025 మార్చి 1 తర్వాత పూర్తిగా తీసేశారు. అంతకన్నా పాత /ఈటీసీ/పాక్‌మ్యాన్.కాన్ఫ్ ఇంకా అలాగే ఉంటే “కమ్యూనిటీ.డిబి” దొరకలేదని మొత్తం అప్‌డేటే మొదట్లో ఆగిపోతుంది. నెట్ పోయిందనో, మిర్రర్ చెడిందనో అనుకుని మిర్రర్లు మారుస్తూ కూర్చుంటారు. చేయాల్సింది ఆ ఫైల్లో “కమ్యూనిటీ” అని బ్రాకెట్లలో ఉన్న వరుసను, దాని కింది వరుసను తీసేయడమే.

గడియారం చూడాలి. నెలల తరబడి ఆపి ఉంచిన డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డ్ మీది 2032 నంబరు బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉండొచ్చు. అప్పుడు మిర్రర్ సర్టిఫికెట్టూ చెల్లదు, ప్యాకేజీల మీది సంతకాలూ భవిష్యత్తులో చేసినట్టు కనబడతాయి. “టైమ్‌డేట్‌సిటిఎల్” కొట్టి చూసి, తేడా ఉంటే “టైమ్‌డేట్‌సిటిఎల్ సెట్-ఎన్‌టిపి ట్రూ” అనండి.

“డిఎఫ్ -హెచ్” కొట్టి రూట్‌లో, /బూట్‌లో ఎంత జాగా ఉందో చూడండి. నెలల అప్‌డేట్ అంటే డౌన్‌లోడే కొన్ని జీబీలు ఉంటుంది. విండోస్‌తో పాటు వేసుకున్న ల్యాప్‌టాప్‌లలో విండోస్ కట్టిన 100 ఎంబీ ఈఎఫ్ఐ విభాగాన్నే /బూట్‌గా వాడుతుంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. కొత్త కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం), బూట్ మొదట్లో దానికి తోడుండే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ అందులో పట్టక సగం రాసి ఆగిపోతే సిస్టమ్ బూట్ అవ్వదు. జాగా కోసం /వార్/క్యాష్/పాక్‌మ్యాన్‌ను మాత్రం ఇప్పుడు ఖాళీ చేయకండి. పాత ప్యాకేజీలు ఉన్నది అక్కడే, రేపు వెనక్కి పోవాల్సి వస్తే అవే దిక్కు.

ఛార్జర్ పెట్టి ఉంచండి. గ్రాఫిక్ టెర్మినల్‌లో కాకుండా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి వచ్చే టెక్స్ట్ కన్సోల్‌లో చేయడం మేలు. డెస్క్‌టాప్ కింద ఉన్న లైబ్రరీలే మారుతుంటాయి కాబట్టి అది మధ్యలో కూలితే టెర్మినల్ పోతుంది, టెర్మినల్‌తో పాటు పాక్‌మ్యాన్ కూడా పోతుంది. దూరంగా ఉన్న సర్వర్ అయితే కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్ లోపల నడపండి.

సంతకాల దగ్గర ఆగితే

ఆలస్యమైన ఆర్చ్‌లో మొదటి అడ్డంకి దాదాపు ఎప్పుడూ ఇదే: ఫలానావారి సంతకం “అన్‌నోన్ ట్రస్ట్”, ప్యాకేజీ “ఇన్‌వ్యాలిడ్ ఆర్ కరప్టెడ్”. ప్యాకేజీ నిజంగా పాడయ్యిందనుకుని దాన్ని చెరిపి మళ్లీ మళ్లీ దించుకుంటారు. పాడైంది అది కాదు. ఈ మధ్య కొత్తగా చేరిన ప్యాకేజర్ల తాళాలు, పొడిగించిన గడువులు మీ కీరింగ్‌లో, అంటే సంతకాలు సరిచూసే తాళాల గుత్తిలో, లేవు. వారానికోసారి వాటిని తెచ్చే టైమర్ సిస్టమ్‌డిలో ఉంది కానీ కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే కదా అది నడిచేది.

దీనికి “పాక్‌మ్యాన్ -ఎస్‌వై ఆర్చ్‌లైనక్స్-కీరింగ్” అని కొట్టి, అది అయిన మరుక్షణం “పాక్‌మ్యాన్ -ఎస్‌యు” కొట్టాలి. పైన వద్దన్న “-ఎస్‌వై”నే ఇక్కడ వాడమంటున్నానంటే కారణం ఉంది. కీరింగ్ ప్యాకేజీలో తాళాల ఫైళ్లు తప్ప దేనికీ లింక్ అయ్యే లైబ్రరీ ఏదీ లేదు, రెండో కమాండ్ వెంటనే వస్తోంది కూడా. ఈ రెంటి మధ్య ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయకూడదు. కీరింగ్ ప్యాకేజీనే ఒప్పుకోకపోతే “పాక్‌మ్యాన్-కీ --ఇనిట్”, తర్వాత “పాక్‌మ్యాన్-కీ --పాప్యులేట్ ఆర్చ్‌లైనక్స్” కొట్టి మళ్లీ ప్రయత్నించండి.

సంతకాల తనిఖీని నిర్ణయించే “సిగ్‌లెవెల్”ను “నెవర్” అని మార్చేయమనే సలహా ఎక్కడ చూసినా కనబడుతుంది. ఆ పని చేయకండి. అలా మార్చినవాళ్లలో తిరిగి సరిచేసేవాళ్లు అరుదు. ఆ తర్వాత ఏ మిర్రర్ ఏ ఫైలు ఇచ్చినా ఆ కంప్యూటర్ కళ్లు మూసుకుని రూట్ హక్కులతో ఎక్కించుకుంటుంది.

ఆ తర్వాతి అడ్డంకి “ఎగ్జిస్ట్స్ ఇన్ ఫైల్‌సిస్టమ్”. 2025 జూన్‌లో లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని కంపెనీల వారీగా ముక్కలు చేశారు. ఎన్విడియా ఫోల్డర్లలో లింకుల అమరిక మారింది. అంతకన్నా పాత సిస్టమ్‌ను నేరుగా అప్‌డేట్ చేస్తే ఆ ఫైళ్లు ముందే ఉన్నాయని పాక్‌మ్యాన్ ఆగుతుంది. దీనికి న్యూస్‌లో చెప్పిన విరుగుడు రెండు వరుసలు: “పాక్‌మ్యాన్ -ఆర్‌డిడి లైనక్స్-ఫర్మ్‌వేర్”, వెంటనే “పాక్‌మ్యాన్ -ఎస్‌వైయు లైనక్స్-ఫర్మ్‌వేర్”. మధ్యలో రీబూట్ చేశారా, వైఫై ఫర్మ్‌వేర్ లేక నెట్ రాదు, నెట్ లేక ప్యాకేజీ దిగదు. దీన్ని “--ఓవర్‌రైట్” పెట్టి నక్షత్రం గుర్తుతో దాటేయడం మొండితనం. ఆ గుర్తు ఈ ఒక్క గొడవనే కాదు, మీరు చూడాల్సిన మిగతా గొడవలన్నిటినీ మూసేస్తుంది.

అప్‌డేట్ అయ్యాక, ఏదీ తెరిచి చూడకముందే రీబూట్ చేయండి. కెర్నెల్ మారినప్పుడు ఆర్చ్‌లో పాత కెర్నెల్ మాడ్యూళ్ల ఫోల్డర్ పోతుంది. మెమొరీలో నడుస్తున్నది మాత్రం ఇంకా పాత కెర్నెలే. అప్పుడు పెన్‌డ్రైవ్ పెడితే మౌంట్ అవ్వదు, వీపీఎన్ కలవదు, డాకర్ లేవదు. వీటిలో ఏదీ చెడిపోలేదు, రీబూట్‌తో అన్నీ సర్దుకుంటాయి. రీబూట్ చేసినా సర్దుకోకపోతే “యునేమ్ -ఆర్” చూపే వెర్షన్‌ను “పాక్‌మ్యాన్ -క్యూ లైనక్స్” చూపే దానితో పోల్చండి. రెంటి అంకెలు వేరైతే అప్‌డేట్ సమయంలో /బూట్ విభాగం మౌంట్ అయి లేదన్నమాట. కొత్త కెర్నెల్ రూట్ డిస్క్ మీది ఖాళీ /బూట్ ఫోల్డర్‌లోకి పోయింది, బూట్‌లోడర్ చూసే చోటికి చేరలేదు. /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ సరిచూసి, /బూట్‌ను మౌంట్ చేసి, “పాక్‌మ్యాన్ -ఎస్ లైనక్స్” అని కెర్నెల్‌ను మళ్లీ ఎక్కిస్తే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా దానంతటదే తయారవుతుంది.

ఒక్క ఎర్రర్‌ను దగ్గరగా చూద్దాం

అప్‌డేట్ తర్వాత ఎక్కువగా కనబడే వాక్యం ఇది: “ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌ఐసియుయుసి.ఎస్‌ఓ.75: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్”. ఈ వరుసలో కావలసినదంతా ఉంది. ఐసియు అనేది యూనికోడ్ పనులు చేసే లైబ్రరీ. లిబ్రెఆఫీస్, క్యూటి లాంటి పెద్దవెన్నో దాని మీదే నిలబడ్డాయి. చివరి 75 అన్నది ఆ లైబ్రరీ చేసే వాగ్దానం నంబరు. “75 కింద కంపైల్ అయిన ప్రోగ్రాములకు నేను పనికొస్తాను” అని దాని అర్థం. డిస్క్ మీద ఇప్పుడు 76 ఉంది. ఇది కంపైల్ అయిన ప్రోగ్రాములకు, లైబ్రరీకి మధ్య కుదరని లెక్క. ఫైలు పోయిందని కాదు.

ఇక్కడ ప్రతిచోటా దొరికే చిట్కా “ఎల్‌ఎన్ -ఎస్”తో 76కు 75 అని ఒక లింకు పేరు పెట్టడం. ఐసియు విషయంలో ఇది ఒక్క నిమిషం కూడా నిలవదు. దాని ఫంక్షన్ల పేర్ల చివరే వెర్షన్ నంబరు ఉంటుంది. ప్రోగ్రామ్ “యు_స్ట్ర్‌లెన్_75” కోసం వెతుకుతుంది, లైబ్రరీలో ఉన్నది “యు_స్ట్ర్‌లెన్_76”. ఎర్రర్ “సింబల్ లుకప్” అని మారుతుందే తప్ప ప్రోగ్రామ్ లేవదు. అంత జాగ్రత్తగా పేర్లు పెట్టని లైబ్రరీలతో ఇంకా ప్రమాదం. లింకు పెడితే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, కానీ లోపల డేటా అమరిక మారి ఉంటే ఎక్కడో ఒకచోట తప్పు బైట్లు చదివి, తప్పు బైట్లు రాస్తుంది. తెరుచుకోని ప్రోగ్రామ్ కన్నా ఫైళ్లను మౌనంగా పాడుచేసే ప్రోగ్రామ్ చాలా చెడ్డది. ఇదివరకే అలాంటి లింకులు పెట్టి ఉంటే /యుఎస్‌ఆర్/లిబ్‌లోని అనుమానపు ఫైలు పేరు ఇచ్చి “పాక్‌మ్యాన్ -క్యూఓ” అని అడగండి. ఏ ప్యాకేజీదీ కాదంటే అది చేత్తో పెట్టినదే. తీసేయండి.

కొన్ని ప్యాకేజీలు తమకు ఫలానా నంబరు లైబ్రరీయే కావాలని డిపెండెన్సీలో రాసుకుంటాయి. అవి ఉన్నప్పుడు పాక్‌మ్యాన్ ముందే ఆపి “బ్రేక్స్ డిపెండెన్సీ” అంటుంది. ఆ మాటను తిట్టుకుని, డిపెండెన్సీ తనిఖీ వద్దనే “-డిడి” పెట్టి దాటినవాళ్లే ఎక్కువగా ఈ గుంటలో పడతారు. ఇందులో అతి లోతైన చోటు పాక్‌మ్యానే లేవకపోవడం. ప్యాకేజీలను విప్పడానికి పాక్‌మ్యాన్ వాడే లిబ్‌ఆర్కైవ్‌కు లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అవసరం. ఆ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా మరమ్మతు చేసే పనిముట్టే పోతుంది. అప్పుడు కొత్త ఆర్చ్ ఐఎస్‌ఓతో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, రూట్‌ను /ఎమ్‌ఎన్‌టి మీద, బూట్ విభాగాన్ని /ఎమ్‌ఎన్‌టి/బూట్ మీద మౌంట్ చేసి “పాక్‌మ్యాన్ --సిస్‌రూట్ /ఎమ్‌ఎన్‌టి -ఎస్‌వైయు” కొట్టాలి. బయటి పాక్‌మ్యాన్ లోపలి సిస్టమ్‌ను పూర్తి చేస్తుంది. ఫార్మాట్ అవసరమే లేదు.

పూర్తి అప్‌డేట్ తర్వాత కూడా ఈ ఎర్రర్ వస్తుంటే అది దాదాపుగా అధికారిక రిపాజిటరీ బయటి ప్యాకేజీ. “పాక్‌మ్యాన్ -క్యూఎం” ఆ జాబితా ఇస్తుంది. ఏయూఆర్ (వాడుకరులే నడిపే ప్యాకేజీల చోటు) నుంచి వచ్చినవి ఎక్కువగా మీ కంప్యూటర్‌లో, ఆనాటి లైబ్రరీలతో కంపైల్ అయ్యాయి. వాటిని కొత్త లైబ్రరీలతో తిరిగి కంపైల్ చేసే బాధ్యత మీదే. వెర్షన్ మారలేదు కాబట్టి ఏయూఆర్ హెల్పర్‌కు (వాటిని దించి కట్టిపెట్టే ప్రోగ్రామ్‌కు) అప్‌డేట్ ఉన్నట్టే తెలియదు. “రీబిల్డ్-డిటెక్టర్” అనే ప్యాకేజీలోని “చెక్‌రీబిల్డ్” కమాండ్ ఏవి తిరిగి కట్టాలో చెబుతుంది. అది లేకపోయినా, ఆ ప్రోగ్రామ్ ఫైలు మీద “ఎల్‌డిడి” నడిపి “నాట్ ఫౌండ్” వరుసలు చూస్తే చాలు.

హెల్పర్ “యే” కూడా ఇదే జబ్బుతో పడిపోతుంది. 2024లో పాక్‌మ్యాన్ 7 వచ్చినప్పుడు దాని లైబ్రరీ లిబ్‌ఏఎల్‌పిఎం నంబరు 14 నుంచి 15 అయ్యింది. పాత దానితో కట్టిన “యే” లేవలేదు, లేవలేని “యే” తనను తాను తిరిగి కట్టుకోలేదు. ఇలాంటప్పుడు దాని ఏయూఆర్ గిట్ రిపాజిటరీని క్లోన్ చేసి, ఆ ఫోల్డర్‌లో “మేక్‌పికెజి -ఎస్‌ఐ” కొట్టాలి. ఇక్కడ రెండు అక్షరాలూ చిన్నవే.

సోర్స్ ఇవ్వని కంపెనీ ప్రోగ్రాములను తిరిగి కట్టలేం. వాటి కోసం పాత వాగ్దానం నంబరుతోనే ఉండే ప్యాకేజీలు కొన్ని ఉన్నాయి. లిబ్‌క్రిప్ట్.ఎస్‌ఓ.1 అడిగితే “లిబ్‌ఎక్స్‌క్రిప్ట్-కంపాట్”, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2.ఎస్‌ఓ.2 అడిగితే “లిబ్‌ఎక్స్‌ఎంఎల్2-లెగసీ”. ఇవి అసలైన పాత లైబ్రరీలే, పేరు మార్చిన కొత్తవి కావు. లింకుకూ వీటికీ తేడా అదే.

పైథాన్‌ది ఇదే కథ, ఫోల్డర్ రూపంలో. 3.12 నుంచి 3.13కు మారితే ప్యాకేజీలు ఉండే ఫోల్డరే మారుతుంది. “నో మాడ్యూల్ నేమ్డ్” అంటుంది, చూస్తే మాడ్యూల్ డిస్క్ మీదే ఉంది, 3.12 ఫోల్డర్‌లో. “పాక్‌మ్యాన్ -క్యూఓక్యూ /యుఎస్‌ఆర్/లిబ్/పైథాన్3.12” అని కొడితే ఇంకా ఆ పాత ఫోల్డర్‌ను పట్టుకుని ఉన్న ప్యాకేజీలు వరసగా వస్తాయి. వాటిని తిరిగి కట్టాలి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లను బాగుచేయడానికి ప్రయత్నించకండి, చెరిపేసి రిక్వైర్‌మెంట్స్ ఫైలుతో కొత్తగా చేసుకోండి. పిప్ఎక్స్ వాడేవాళ్లకు “పిప్ఎక్స్ రీఇన్‌స్టాల్-ఆల్” ఒక్కటే సరిపోతుంది.

ఆలస్యానికి నిజంగా మూల్యం చెల్లించే చోటు

ఆలస్యం తప్పు కాదన్నాను. దానికి ఒక మినహాయింపు ఉంది: పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్. ప్రధాన వెర్షన్ మారినప్పుడు కొత్త సర్వర్ పాత డేటా ఫోల్డర్‌ను చదవదు. సర్వీస్ లేవదు, పాత ఫార్మాట్ డేటా కనబడిందని జర్నల్‌లో రాస్తుంది. డేటా మాత్రం భద్రంగానే ఉంది. భయపడి, కొత్త డేటాబేస్ తయారుచేసే “ఇనిట్‌డిబి”ని అదే ఫోల్డర్ మీద నడపడం కోసం దాన్ని ఖాళీ చేయడానికి పూనుకుంటేనే అది పోతుంది. మొదట /వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్/డేటా లోని “పిజి_వెర్షన్” అనే చిన్న ఫైలు చూడండి. అందులో ఉన్న ఒక్క సంఖ్య మీ డేటా ఏ వెర్షన్‌దో చెబుతుంది. తర్వాత ఆ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్ మీదకు కాపీ చేయండి.

ఒక్క వెర్షన్ తేడా ఉంటే పని సులువు. “పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-ఓల్డ్-అప్‌గ్రేడ్” ప్యాకేజీ ముందటి వెర్షన్ ప్రోగ్రాములను /ఆప్ట్ కింద పెడుతుంది. పాత “డేటా” ఫోల్డర్‌ను “ఓల్డ్‌డేటా” అని పేరు మార్చి, కొత్త “డేటా” ఫోల్డర్ చేసి, పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు యాజమాన్యం ఇచ్చి, ఆ యూజర్‌గా పాత లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్)తోనే ఇనిట్‌డిబి నడిపి, పాత కొత్త ప్రోగ్రాముల దారులూ పాత కొత్త ఫోల్డర్ల దారులూ ఇచ్చి “పిజి_అప్‌గ్రేడ్” నడపాలి. 2025 సెప్టెంబరులో వచ్చిన 18తో ఒక మెలిక చేరింది. ఇనిట్‌డిబి ఇప్పుడు డేటా చెక్‌సమ్‌లను తనంతట తానే ఆన్ చేస్తుంది. పాత డేటాలో అవి లేకపోతే పిజి_అప్‌గ్రేడ్ ఒప్పుకోదు. ఇనిట్‌డిబికి “--నో-డేటా-చెక్‌సమ్స్” ఇస్తే రెండూ సరిపోతాయి.

రెండు మూడు వెర్షన్లు వెనకబడితే మాత్రం ఆ ప్యాకేజీ పనికిరాదు, అందులో ఉండేది ఒక్క ముందటి వెర్షనే. ఆర్చ్ ఆర్కైవ్ నుంచి పాత ప్యాకేజీ తెచ్చినా అది పాత ఐసియును అడుగుతుంది, మళ్లీ పైన చెప్పిన గుంటలోకే వస్తాం. ఇక్కడ కంటైనర్ (తన లైబ్రరీలను తనతోనే తెచ్చుకునే విడి వాతావరణం) సరైన దారి. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌లో మీ డేటా వెర్షన్ ట్యాగ్, ఉదాహరణకు 15, ఎంచుకుని, డేటా కాపీని మౌంట్ చేసి లేపి, “పిజి_డంప్‌ఆల్”తో మొత్తం ఒక ఎస్‌క్యూఎల్ ఫైల్లోకి తీయండి. మూలం కాదు, కాపీ. ఎందుకంటే యాజమాన్యం మార్చాలి: ఆర్చ్‌లో పోస్ట్‌గ్రెస్ యూజర్ నంబరు 88, ఆ డెబియన్ ఆధారిత ఇమేజ్‌లో 999. మన దగ్గర ఇంకో చిక్కు తరచుగా వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లొకేల్ “ఇంగ్లీష్, ఇండియా” అనో “తెలుగు, ఇండియా” అనో పెట్టుకుని ఉంటే డేటాబేస్ ఆ లొకేల్‌తోనే పుట్టి ఉంటుంది. కంటైనర్‌లో అది ఉండదు కాబట్టి లొకేల్ కుదరదని కనెక్షన్‌ను తిరస్కరిస్తుంది. కంటైనర్ లోపల “లొకేల్‌డెఫ్”తో దాన్ని తయారు చేశాక కంటైనర్‌ను ఒకసారి ఆపి లేపండి.

పైకెక్కించాక కొత్త జీలిబ్‌సి (సిస్టమ్ మూల లైబ్రరీ) వల్ల “కొలేషన్ వెర్షన్ మిస్‌మ్యాచ్” హెచ్చరిక రావొచ్చు. పిజి_అప్‌గ్రేడ్ దారిలో వచ్చినవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అక్షరక్రమం నియమాలు మారాయి, ఇండెక్సులు పాత క్రమంలోనే ఉన్నాయి అని దానర్థం. ఉన్న వరుసే వెతికితే దొరకదు. ముందు “రీఇండెక్స్ డేటాబేస్”, తర్వాతే “ఆల్టర్ డేటాబేస్ … రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్”. రెండోది మాత్రమే కొడితే హెచ్చరిక పోతుంది, జబ్బు మిగులుతుంది. డంప్ తీసి ఎక్కించినవాళ్లకు ఈ బాధ లేదు, ఇండెక్సులు కొత్తగా కట్టబడతాయి.

చెడిపోలేదు, మార్చారు

కొన్నిటికి మరమ్మతు అంటూ ఏమీ ఉండదు. పాత రౌటర్‌కో పాత సర్వర్‌కో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) చేస్తే “నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్” అని, అవతలివాళ్లు ఇస్తున్నది “ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ” అని వస్తే, అది 2021లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 కావాలనే మూసిన తలుపు. ఎస్‌హెచ్‌ఏ-1 సంతకాలు నమ్మదగ్గవి కావు. మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఆ ఒక్క హోస్ట్ కింద మాత్రమే “హోస్ట్‌కీఆల్గరిథమ్స్ +ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ” అని రాయండి, అందరికీ తెరవకండి. దూరపు సర్వర్‌ను అప్‌డేట్ చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8కు మారిన క్షణం నుంచి పాత డీమన్ (వెనక నడిచే సర్వీస్) కొత్త కనెక్షన్లు తీసుకోలేదు. ఉన్న సెషన్‌ను మూయకముందే “సిస్టమ్‌సిటిఎల్ ట్రై-రీస్టార్ట్ ఎస్‌ఎస్‌హెచ్‌డి” కొట్టి, ఇంకో కిటికీలో లాగిన్ అయ్యి చూసుకోవాలి.

జీటీఎక్స్ 10 సిరీస్ కార్డు ఉన్న డెస్క్‌టాప్ 2025 డిసెంబరు తర్వాత నల్ల తెరతో లేస్తే, ఎన్విడియా 590 డ్రైవర్ ఆ తరం కార్డులను వదిలేసిందన్నది కారణం. టెక్స్ట్ కన్సోల్‌లో ఆ డ్రైవర్ తీసేసి, ఏయూఆర్‌లోని “ఎన్విడియా-580ఎక్స్‌ఎక్స్-డికెఎమ్‌ఎస్” పెట్టుకోవాలి, దానికి “లైనక్స్-హెడర్స్” కూడా ఉండాలి. ఫ్లాట్‌పాక్ (విడి పెట్టెల్లో వచ్చే యాప్‌లు) వాడేవాళ్లు డ్రైవర్ మారినప్పుడల్లా “ఫ్లాట్‌పాక్ అప్‌డేట్” కూడా చేయండి. ఫ్లాట్‌పాక్ లోపలి ఎన్విడియా ముక్క బయటి డ్రైవర్ వెర్షన్‌తో అక్షరాలా సరిపోకపోతే ఆ యాప్‌లకు గ్రాఫిక్స్ అందవు.

కేడీఈ (ప్లాస్మా డెస్క్‌టాప్) వాడే తెలుగువాళ్లకు ఇంకోటి వస్తుంది. 2025 జూన్‌లో ప్లాస్మా 6.4 వచ్చినప్పుడు తెరను నడిపే పాత పద్ధతి ఎక్స్11 భాగాన్ని విడదీశారు. “ప్లాస్మా-ఎక్స్11-సెషన్” విడిగా పెట్టుకోకపోతే లాగిన్ తెరలో ఆ ఎంపికే మాయమై కొత్త పద్ధతి వేలాండ్‌లోకి పోతారు. అప్పటిదాకా పనిచేసిన తెలుగు టైపింగ్ అక్కడ ఆగుతుంది. టైపింగ్ ప్రోగ్రాములైన ఐబస్‌నో, ఎఫ్‌సిటిఎక్స్‌నో తిరిగి ఇన్‌స్టాల్ చేసి లాభం లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద వర్చువల్ కీబోర్డ్ అన్నచోట మీరు వాడేదాన్ని, అంటే “ఎఫ్‌సిటిఎక్స్ 5” లేదా “ఐబస్ వేలాండ్”, ఎంచుకోవాలి. ఎప్పుడో /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్‌లో రాసిన “జిటికె_ఐఎమ్_మాడ్యూల్”, “క్యూటి_ఐఎమ్_మాడ్యూల్” వరుసలు తీసేసి, బయటకు వచ్చి మళ్లీ లాగిన్ అవ్వాలి.

డెబియన్, ఉబుంటులలో చిక్కు ఇంకో రకం. అక్కడ ఒక రిలీజ్ లోపల ఎంత ఆలస్యమైనా లైబ్రరీల నంబర్లు మారవు, కాబట్టి నెలల తర్వాత అప్‌డేట్ చేసినా సాధారణంగా ఏమీ కాదు. మధ్యలో కరెంటు పోయి ఆగితే “డిపికెజి --కాన్ఫిగర్ -ఏ”, ఆ తర్వాత “ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్” దాన్ని పూర్తి చేస్తాయి. తేడా అంతా రిలీజ్ దాటేటప్పుడే. డెబియన్ 11 నుంచి నేరుగా 13కు దూకకూడదు, 12లో ఆగి, అన్నీ నడిచేలా చూసుకుని వెళ్లాలి. 12లో ఫర్మ్‌వేర్ కోసం “నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్” అనే కొత్త విభాగం వచ్చింది, సోర్సెస్ ఫైల్లో అది చేర్చకపోతే వైఫై ఫర్మ్‌వేర్ పాతదే ఉండిపోతుంది. ఉబుంటు మధ్యంతర రిలీజులకు ఆయుష్షు 9 నెలలే. గడువు దాటాక అన్నీ 404 వస్తాయి, సోర్సెస్‌లో చిరునామాను “ఓల్డ్-రిలీజెస్.ఉబుంటు.కామ్”గా మార్చి, ఆ రిలీజ్‌ను ముందు పూర్తిగా అప్‌డేట్ చేశాకే పై రిలీజ్‌కు కదలాలి. ఆ ఎక్కుడులో పీపీఏలన్నీ (బయటివాళ్ల రిపాజిటరీలు) డిసేబుల్ అవుతాయి. అక్కడి నుంచి వచ్చిన ప్రోగ్రాములు పాత వెర్షన్లతో మిగిలిపోయి, తర్వాత ఎప్పుడో మొరాయిస్తాయి.

వెనక్కి పోవడం ఎప్పుడు సబబు? కొత్త వెర్షన్‌లోనే నిజమైన బగ్ ఉండి, ఆ ప్రోగ్రామ్ మీద ఇంకేదీ ఆధారపడి లేనప్పుడు. క్యాష్‌లోని పాత ఫైలు దారి ఇచ్చి “పాక్‌మ్యాన్ -యు” కొట్టి, పాక్‌మ్యాన్.కాన్ఫ్‌లో “ఇగ్నోర్‌పికెజి” పక్కన దాని పేరు, పై వరుసలో # గుర్తుతో ఇవాళ్టి తేదీ రాసిపెట్టండి. జీలిబ్‌సి, ఐసియు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి వాటిని ఒక్కదాన్నే వెనక్కి తీసుకెళ్లకూడదు. అంత అవసరమే పడితే మిర్రర్‌లిస్ట్‌లో ఆర్చ్ ఆర్కైవ్ నుంచి ఒక తేదీ చిరునామా పెట్టి “-ఎస్‌వైవైయుయు”తో మొత్తం సిస్టమ్‌ను ఆ రోజుకు తీసుకెళ్లాలి. ఫైర్‌ఫాక్స్‌ను వెనక్కి తెచ్చినవాళ్లు మాత్రం కొత్త వెర్షన్ తాకిన ప్రొఫైల్‌ను పాతది తెరవనంటుందని ముందే తెలుసుకోవాలి. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ముందుగా బయటికి తీసుకోండి.

చివరగా “ప్యాక్‌డిఫ్” నడిపి .ప్యాక్‌న్యూ ఫైళ్లను (కొత్త ప్యాకేజీలు తెచ్చిన సెట్టింగుల ఫైళ్లు) ఒక్కొక్కటిగా చూడండి. నెలల తర్వాత పది, పన్నెండు ఉండటం మామూలే. పాస్‌వర్డ్, షాడో, గ్రూప్ ఫైళ్లకు వచ్చిన వాటిని మాత్రం మీ ఫైలు మీద ఎప్పుడూ రాయకండి, యూజర్ ఖాతాలు పోతాయి. “సిస్టమ్‌సిటిఎల్ --ఫెయిల్డ్” ఖాళీగా రావాలి. రెండు మూడు రోజులు మామూలుగా వాడాక, సస్పెండ్, ప్రింటర్, బ్లూటూత్, తెలుగు టైపింగ్ అన్నీ ఒకసారి చూసుకున్నాక, అప్పుడు “ప్యాక్‌క్యాష్ -ఆర్‌కె2” కొట్టండి. ప్రతి ప్యాకేజీవీ చివరి రెండు వెర్షన్లు ఉంచి మిగతా పాతవి తీసేస్తుంది.